జమయు బాకీయు

నేడు ఏ పట్టణములోని బ్యాంకునకు పోయినను ఒకే కొలతగల రెండు ప్లాస్టిక్ కార్డులు మన చేతి కందుచున్నవి. వానిలో ఒకటి మన పొదుపు ఖాతాలోని సొమ్మును మనకే తీసి యిచ్చునది. రెండవది మనది కాని సొమ్మును మనచేత వ్యయము చేయించి, ఆ మీదట లెక్క పంపునది. రూపమొక్కటే యగుటచేతను, రెండింటి మీదను ఒకే బ్యాంకు పేరుండుటచేతను, ఇవి రెండును ఒక తల్లి బిడ్డలని లోకులు తలచుటలో వింత లేదు. కాని వాని పూర్వచరిత్రను వెదకి చూచినచో, మొదటిది స్కాట్లండు పల్లెలోని యొక మతాచార్యుని దీనజనచింత నుండియు, రెండవది అమెరికా వర్తకుల అరువు పద్దుల నుండియు పుట్టినవనియు, దాదాపు నూటయేబది యేండ్లు ఒకదాని మొగము నొకటి చూడక వేర్వేరు త్రోవల నడచినవనియు తెలియును. పొదుపు ఖాతా చరిత్ర యంతయు జనులు బ్యాంకును నమ్ముట యెట్లను ప్రశ్నను గూర్చినది. క్రెడిట్ కార్డు చరిత్ర యంతయు బ్యాంకు జనులను నమ్ముట యెట్లను ప్రశ్నను గూర్చినది.

బ్యాంకులో వేసిన సొమ్ము మనదే యనియు, బ్యాంకు దానికి కావలి మాత్రమే యనియు చాలమంది భావింతురు. న్యాయశాస్త్రము అట్లు చెప్పదు. 1848లో ఆంగ్లదేశపు ప్రభువుల సభ ఫోలీ, హిల్ అను వారి వ్యాజ్యములో, బ్యాంకునకు ఇచ్చిన ధనము ఇచ్చిన క్షణముననే బ్యాంకు సొత్తగుననియు, బ్యాంకు దానికి ధర్మకర్త కాదనియు, అడిగినప్పుడు అంత మొత్తమును తిరిగి యిచ్చుటకు కట్టుబడిన ఋణగ్రస్త మాత్రమే యనియు తీర్పు చెప్పెను. మన దేశపు బ్యాంకులును ఈ సూత్రము మీదనే నడచుచున్నవి. కావున పొదుపు ఖాతా తెరచిన కూలివాడు సైతము, తా నెరుగకయే, ఆ గొప్ప భవనమునకు అప్పిచ్చిన షావుకారగుచున్నాడు. ఆ కూలివాడే క్రెడిట్ కార్డు పుచ్చుకొన్ననాడు సంబంధము తలక్రిందులై, బ్యాంకు షావుకారును అతడు బాకీదారును అగుదురు. రెండింటికి గల భేదములన్నియు ఈ ఒక్క భేదము నుండియే పుట్టినవి.

ఈ చిన్న షావుకారు జన్మస్థలము రథ్వెల్. స్కాట్లండు దక్షిణ ప్రాంతమునందలి ఆ గ్రామమున చర్చి ఆచార్యుడుగా నుండిన హెన్రీ డంకన్, తన గ్రామస్థులు పనియున్న దినములలో ఆర్జించినదానిని పని లేని దినములకు మిగుల్చుకొనజాలక పరుల దానధర్మములకు చేయి చాచుట చూచి, 1810లో వారి కొరకొక పొదుపు బ్యాంకును నెలకొల్పెను. ఆనాటి స్కాట్లండు బ్యాంకులు పది పౌనులకు తక్కువైన సొమ్మును ముట్టెడివి కావు. డంకన్ ఆరు పెన్నీలు తెచ్చినవానిని సైతము ఆదరించి, చిన్న మొత్తములన్నిటిని చేర్చి పెద్ద బ్యాంకులో వేసి, వచ్చిన వడ్డీని పంచెను. సొమ్ము దాచు పెట్టెకు మూడు తాళములుండెను. తాళపుచెవులు ముగ్గురి వద్ద నుండెను. మతాచార్యుని సహితము ఒంటరిగా నమ్మనక్కర లేకుండ జేసిన ఆ యేర్పాటును, ఆయన చేసిన ధర్మప్రసంగము లన్నిటి కంటెను గొప్పదిగా నే నెంచుదును. అర్ధశతాబ్దము గడచిన పిదప, 1861లో, గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా నున్న కాలమున, బ్రిటిషు ప్రభుత్వము ఈ భారమును తపాలా కార్యాలయముల మీద పెట్టి, బీదవాని సొమ్మునకు ప్రభుత్వమే హామీ యిచ్చెను.

మన దేశమున ఆ పద్ధతి 1882 ఏప్రిల్ 1వ తేదీ నుండి తపాలా పొదుపు బ్యాంకు రూపమున అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వమే రాజధాని నగరములలో ప్రభుత్వపు పొదుపు బ్యాంకు లుండెను గాని, అవి సామాన్యునకు దూరములు. ఉత్తరములు పంచు కార్యాలయమే సొమ్మును దాచి పెట్టుట మొదలిడిన తరువాత, బంగారమును మట్టికుండను తప్ప వేరొక బొక్కస మెరుగని గ్రామీణులలో కొందరైనను పాస్ బుక్కు ముఖము చూచిరి.

ఐనను ప్రైవేటు బ్యాంకులను నమ్మిన వారి నమ్మకము పలుమారు వమ్మైనది. 1906 అక్టోబరులో చెన్నపట్టణమున అర్బత్‌నాట్ కంపెనీ దివాలా యెత్తినప్పుడు, మద్రాసు రాజధాని యందంతటను వేలకొలది కుటుంబముల సొమ్ము ఒక్కమారుగా మాయమయ్యెను. ఆ కంపెనీ యజమాని సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు కఠిన కారాగారశిక్ష పడెను గాని, శిక్షవలన డిపాజిట్లు తిరిగి రావు గదా! తెల్లవాని పేరు చూచి సొమ్ము వేసిన వారికి కనువిప్పు కలిగి, మన సొమ్మును మనమే కాచుకొందమను తలంపు బలపడుట ఆ దెబ్బతోడనే. మరుసటి సంవత్సరమే చెన్నపట్టణమున ఇండియన్ బ్యాంకు పుట్టెను. తెలుగు దేశమున, వైద్యవృత్తిని విడిచి దేశసేవలో ప్రవేశించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది లక్ష రూపాయల మూలధనముతో ఆరంభింపబడినది. ఒకనాడు కలంకారీ వస్త్రములను సముద్రము దాటించి, ఆ వైభవము పోగొట్టుకొన్న రేవుపట్టణము, బ్యాంకు రూపమున మరల ఖ్యాతి గడించెను.

నమ్మకమునకు చట్టమను ఊతకోల దొరకుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టెను. 1960లో కేరళదేశపు పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన పిమ్మట గాని డిపాజిట్లకు బీమా యేర్పడలేదు. 1962 జనవరి 1వ తేదీన ఆ బీమా 1,500 రూపాయల వరకే యుండెను. 2020 ఫిబ్రవరి నుండి అది 5 లక్షలైనది. బ్యాంకు మునిగినను ఇంతవరకు నీకు వచ్చునని ప్రభుత్వసంస్థ మాట యిచ్చుటచే, పొదుపు ఖాతా విషయమున నమ్మకపు ప్రశ్న సామాన్యునికి చాలవరకు తీరినట్లే. వడ్డీ మాత్రము స్వల్పము. 2010 ఏప్రిల్‌కు పూర్వము, నెలలో 10వ తేదీ మొదలు నెలాఖరు వరకు ఖాతాలో నున్న కనిష్ఠపు నిల్వకే వడ్డీ కట్టెడివారు. ఒకటవ తేదీన జీతము పడి ముప్పదవ తేదీకి ఖాళీ యగు గుమాస్తా ఖాతాకు ఆ లెక్కన దక్కున దేమియు లేకుండెను. ఇప్పుడు ప్రతిదినపు నిల్వకును లెక్క కట్టుచున్నారు. 2011 నుండి ఎంత వడ్డీ యీయవలెనో బ్యాంకులే నిర్ణయించుకొనుచున్నవి.

ఇక అరువు మాట. ఇది పొదుపు కంటె ఎన్నియో రెట్లు ప్రాచీనము. నెలకు నూటికి పణమును పావును ధర్మ్యమైన వడ్డీ యనియు, వర్తకులకు ఐదు పణములనియు, అడవులలో తిరుగువారికి పది యనియు, సముద్రము మీద పోవువారికి ఇరువది యనియు కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. సొమ్ము తిరిగి రాదను భయము హెచ్చిన కొలది వడ్డీ హెచ్చునను నీతి అందు స్పష్టముగా కలదు. నేటి బ్యాంకు ఇంటి తాకట్టు మీద తక్కువ వడ్డీకిని, ఏ తాకట్టును లేని కార్డు మీద ఎక్కువ వడ్డీకిని అప్పిచ్చుట ఆ నీతి ననుసరించియే. మన పల్లెలలోని కొట్టు షావుకారు ఖాతా కూడ ఇట్టి నమ్మకము మీదనే నిలిచినది. ఉప్పు, పప్పు, బట్ట అరువునకు పోయును. పద్దు పుస్తకములో పేరు క్రింద బాకీ పెరుగును. కుప్పలు నూర్చిన పిదప రైతును, ఒకటవ తేదీన ఉద్యోగియు వచ్చి తీర్తురు. వడ్డీ అని వేరుగ చెప్పకున్నను సరకు ధరలోనే అది యణగి యుండును. ఏ తాకట్టును లేకయే షావుకారు ధైర్యముగ అరువిచ్చుటకు కారణము, అతనికి గల ఎరుక: ఫలానివాని పొలమెంత, పండిన దెంత, కుమార్తె పెండ్లి యెప్పుడు, తండ్రి అప్పు తీర్చెనా ఎగవేసెనా అను సంగతులన్నియు అతని నాలుక చివర నుండెను. ఆ ఎరుకకు బ్యాంకులు సాటి రాలేకపోయినవి. రిజర్వు బ్యాంకు 1951–52లో జరిపించిన గ్రామీణ ఋణ సర్వేలో, రైతులు తెచ్చుకొన్న అప్పులో సహకార సంఘముల వంతు నూటికి సుమారు మూడు పాళ్లనియు, వాణిజ్య బ్యాంకుల వంతు నూటికొక పాలైనను లేదనియు తేలినది.

ప్రసంగవశమున చీటీపాటను గూడ స్మరింపవలెను. ఇరువదిమంది కూడి నెలనెలయు చందా వేసికొని పాడుకొను చీటీలో, మొదటి నెలలో పాడినవాడు బాకీదారుడు, చివరివరకు వేచినవాడు పొదుపరి; ఒకే వలయములో జమయు బాకీయు ఇంత చక్కగా కలిసిన సంస్థను బ్యాంకు పండితులెవ్వరును కల్పింపలేదు. అక్కడను మూలము ముఖపరిచయమే.

అమెరికాలో నగరములు పెరిగిన కొలది ఈ ముఖపరిచయము నశించినది. పెద్ద పెద్ద దుకాణములలో అమ్మువానికి కొనువాని ముఖము తెలియదు. కాన అరువు ఖాతాదారులకు గురుతు లిచ్చుట ఆరంభమైనది. 1920ల చివర, పేరును చిరునామాయు అక్షరములు పొడిచిన చిన్న లోహపు రేకులు వాడుకలోనికి వచ్చి, వానిని కాగితము మీద ఒత్తి బిల్లు తయారు చేయుట అలవాటయ్యెను. పెట్రోలు కంపెనీలును తమ బంకులలో చెల్లు కార్డులను పంచినవి. ఇవన్నియు ఎవరి దుకాణమున వారికే చెల్లునవి. షావుకారు పద్దునకు లోహరూపము వచ్చినదే గాని, దాని ప్రకృతి మారలేదు.

ప్రకృతి మారినది 1950 ఫిబ్రవరిలో. న్యూయార్కునందు ఫ్రాంక్ మెక్‌నమారా అను నతడు డైనర్స్ క్లబ్బును నెలకొల్పి, పలు భోజనశాలలలో చెల్లునట్టి అట్ట కార్డును సభ్యులకిచ్చెను. భోజనానంతరము జేబులో పర్సు లేకపోవుటచే కలిగిన అవమానమే ఈ యోచనకు మూలమని ప్రసిద్ధి. అందు ప్రచారమునకై కూర్చిన పాలు ఎక్కువ. నిజమైన నూతనత్వము వేరొక చోట నున్నది. అంతవరకు అరువు వ్యవహారములో ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు అని ఇరువురే. ఇప్పుడు మూడవవాడు నడుమ ప్రవేశించెను. భోజనశాలకు సొమ్ము క్లబ్బు చెల్లించును. సభ్యుడు నెలాఖరున క్లబ్బునకు చెల్లించును. ఈ సౌకర్యమునకై భోజనశాల తన బిల్లులో నూటికి ఏడు వంతులు క్లబ్బునకు వదలుకొనును. సభ్యుడు పూర్తి మొత్తము తీర్పవలసినదే. బాకీ మీద వడ్డీ యను మాట ఇంకను రాలేదు.

ఆ మాట తెచ్చినది బ్యాంకు ఆఫ్ అమెరికా. కాలిఫోర్నియా నడిబొడ్డున వ్యవసాయ ప్రాంతమునందలి ఫ్రెస్నో పట్టణమును అది పరీక్షాస్థలముగా నెన్నుకొనెను. ఏలనన అచ్చటి కుటుంబములలో నూటికి దాదాపు నలుబదియైదు ఆ బ్యాంకు ఖాతాదారులే. 1958 సెప్టెంబరులో ఒకనాడు సుమారు 60,000 బ్యాంకమెరికార్డులు టపాలో ఇండ్లకు చేరినవి. ఎవ్వరును దరఖాస్తు పెట్టలేదు, ఎవ్వరి యోగ్యతయు విచారింపబడలేదు. కవరు విప్పిన గృహిణికి, కొన్ని వందల డాలర్ల అరువు తనకు సిద్ధముగ నున్నదని తెలియవచ్చెను. ఈ కార్యక్రమమును నడిపిన జోసెఫ్ విలియమ్స్ బుద్ధికుశలుడే. కార్డు అంగీకరించు దుకాణములు లేనిదే జనులు కార్డు పుచ్చుకొనరు. కార్డు గల జనులు లేనిదే దుకాణములు అంగీకరింపవు. ఈ అన్యోన్యాశ్రయమును ఛేదించుటకు ఊరంతటికిని ఒక్కసారి కార్డులు కుమ్మరించుట తప్ప ఉపాయము లేదని అతడు గ్రహించెను. పెద్ద దుకాణములకు స్వంత అరువు శాఖలుండుటచే అవి దూరముగ నుండెను. మందుల కొట్టువారు, చిన్న వర్తకులు మాత్రము పద్దులు వ్రాయు శ్రమయు, బాకీలకై తిరుగు శ్రమయు తప్పునని సంతోషముతో చేరిరి.

కాని షావుకారు పద్దుతో పాటు షావుకారు ఎరుకయు బ్యాంకునకు సంక్రమింపలేదు. బాకీలలో నూటికి నాలుగు మాత్రమే గడువు దాటునని విలియమ్స్ అంచనా వేయగా, నూటికి ఇరువదిరెండు దాటెను. బాకీ వసూలునకు ప్రత్యేకశాఖ యొకటి యుండవలెనను తలంపే ఆ బ్యాంకునకు తొలుత లేదు. దొంగిలించిన కార్డులతో కొనువారు కొందరు, కొని చెల్లింపనివారు కొందరు. కార్యక్రమము పదమూడు నెలలలో రాష్ట్రమంతటను వ్యాపించి, ఇరువది లక్షల కార్డులు పంచబడునప్పటికి, బ్యాంకు తానొప్పుకొనిన నష్టమే 88 లక్షల డాలర్లు. విలియమ్స్ 1959 చివర పదవి విడిచెను. ఆశ్చర్యమేమన, అతని యూహ తప్పు కాలేదు: వసూళ్లను కట్టుదిట్టము చేసిన కొలది సంవత్సరములకే ఆ కార్డు లాభము తెచ్చెను. ఆ లాభమునకు మూలము వర్తకుడిచ్చు వంతు మాత్రమే గాక, బాకీని ఒక్కసారి తీర్పక నెలనెలయు కొంత కొంత తీర్చుటకు బ్యాంకు చేతులార యిచ్చిన వెసులుబాటును, దాని వెంట వచ్చు వడ్డీయును.

తక్కిన బ్యాంకులు ఈ గుణపాఠమును గమనింపక, లాభమును మాత్రము గమనించినవి. 1966లో షికాగో బ్యాంకులు పోటీ పడి లక్షలకొలది కార్డులను టపాలో విసరగా, పసిపిల్లలకును, మరణించినవారికిని, పెంపుడు కుక్కలకును సైతము కార్డులు అందెనని పత్రికలు వ్రాసినవి. తుదకు 1970లో అమెరికా ప్రభుత్వము కోరని కార్డు పంపుటను నిషేధించెను. ఆ సంవత్సరముననే, డీ హాక్ అను బ్యాంకు ఉద్యోగి ప్రోద్బలముతో, బ్యాంకు ఆఫ్ అమెరికా తన కార్డు వ్యవస్థను సభ్య బ్యాంకుల ఉమ్మడి సంస్థకు అప్పగించెను. 1976లో దానికి వీసా యను పేరు వచ్చినది. ఎరుక లేని లోటును తీర్చుటకు మొదట దొంగకార్డుల సంఖ్యలు అచ్చొత్తిన చిట్టాలను అంగళ్లకు పంపిరి. పిమ్మట టెలిఫోను, ఆ పిమ్మట కంప్యూటరు అనుమతి వచ్చెను. జనుల అప్పుల చరిత్రను ప్రోగుచేయు సంస్థలు బలిసి, షావుకారు నాలుక చివర నుండిన జ్ఞానమంతయు మూడంకెల స్కోరుగా కుదించుకొనిపోయినది. మన దేశమున అట్టి సంస్థయగు సిబిల్ 2000లో పుట్టి, 300 మొదలు 900 వరకు మనుష్యుల విశ్వసనీయతను కొలుచుచున్నది. షావుకారు కరవు సంవత్సరమున ముఖము చూచి జాలిపడుటయు కలదు, కులమును చూచి అరువు నిరాకరించుటయు కలదు. స్కోరునకు ఈ రెండును తెలియవు.

1980ల ఆరంభమున భారతీయ బ్యాంకులు కార్డులను జారీ చేయసాగినప్పుడు, ముందడుగు వేసిన కొలదిమందిలో మచిలీపట్టణపు బ్యాంకు ఒకటి. 1980లో జాతీయమైన ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డు నిచ్చెను. తెలుగువారి పొదుపును కాచుటకు పుట్టిన సంస్థయే తెలుగువారికి ఈ క్రొత్త అరువును రుచి చూపుట గమనింపదగినది. 2020 ఏప్రిల్ 1వ తేదీన అది యూనియన్ బ్యాంకులో లీనమైనది.

కార్డు నడచు తీరు ఫ్రెస్నో నాటి నుండి మూలమున మారలేదు. జనుల మాటలో చెప్పవలెనన్న, అంగడిలో కార్డు గీకినప్పుడు బ్యాంకు మన తరఫున వర్తకునకు చెల్లించి, తన రుసుమును మినహాయించుకొనును. నెలకొకమారు బిల్లు వచ్చును. బిల్లు వచ్చిన పిమ్మట ఇంచుమించు మూడు వారములలోపల మొత్తమంతయు తీర్చినవానికి వడ్డీ లేదు. అట్టివాడు ఒక విధముగ బ్యాంకు సొమ్ముతో ఉచితముగ నెలన్నర గడుపుచున్నాడు. తీర్పక, కనీస మొత్తమును మాత్రము కట్టినవానికి కొన్న దినము నుండియే వడ్డీ పడును, క్రొత్తగా కొన్నదానికిని ఉచితపు గడువు పోవును. మన పల్లెలలో వడ్డీని నెలకు నూటికిన్ని రూపాయలని చెప్పుట వాడుక. ఆ లెక్కన చూచిన పలు కార్డుల వడ్డీ మూడున్నర రూపాయలు. రూపాయిన్నర, రెండు రూపాయల వడ్డీకి నోటు వ్రాయించుకొను ఊరి షావుకారు దీనిని చూచిన విస్తుపోవును. పదివేల రూపాయల బాకీ మీద ఒక్క నెల వడ్డీ 350 రూపాయలు, దానిపై పన్ను 63 రూపాయలు; ఆ నెల 500 రూపాయలు కట్టినవానికి అసలులో తరుగునది 87 రూపాయలే. ఆ పదివేలే పొదుపు ఖాతాలో నుండి, ఏటికి నూటికి మూడు చొప్పున వడ్డీ వచ్చెననుకొందము: సంవత్సరమంతటికి 300 రూపాయలు. ఏడాది పొడవున బ్యాంకు మన కిచ్చునది, ఒక నెలలో మనము బ్యాంకునకిచ్చు దానికి చాలదు. ఒక చేత పొదుపు ఖాతాలో నిల్వ యుంచుకొని, రెండవ చేత కార్డు బాకీని మోయుచు, రెండును బ్యాంకు వ్యవహారములే గదా యని తృప్తిపడు విద్యాధికులు మన నగరములలో తక్కువ కారు.

వడ్డీకి హద్దు గీయుట రాజధర్మమని మన పూర్వులు తలచిరి. అసలును మించి వడ్డీ పోగుపడరాదను నియమము ధర్మశాస్త్రములలో కలదు. 1938లో రాజాజీ ప్రభుత్వము తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము, అసలునకు రెండింతలు చెల్లించిన రైతు బాకీ తీరినట్లే యని శాసించి, ఆ నియమమును పునరుజ్జీవింపజేసెను. కార్డునకు అట్టి హద్దు నిలువలేదు. అమెరికాలో 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు, బ్యాంకు ఏ రాష్ట్రమున నున్నదో ఆ రాష్ట్రపు వడ్డీయే దేశమంతటను చెల్లునని చెప్పగా, సిటీబ్యాంకు తన కార్డు శాఖను, వడ్డీ పరిమితిని అప్పుడే ఎత్తివేసిన దక్షిణ డకోటాకు 1981లో తరలించెను. మన దేశమున జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో, కార్డు బాకీ మీద ఏటికి నూటికి ముప్పదికి మించిన వడ్డీ అన్యాయ వ్యాపారమని తీర్పు చెప్పినది. పదునారేండ్లకు పైగా ఆ వివాదము సుప్రీంకోర్టున నలిగి, 2024 డిసెంబరు 20వ తేదీన ఆ తీర్పు కొట్టివేయబడినది. ఇప్పుడు ఆ రేటును నిర్ణయించుకొనునవి బ్యాంకులే. అది మితిమీరి యుండరాదనియు, ముందుగా ఖాతాదారునకు తెలుపవలెననియు మాత్రము రిజర్వు బ్యాంకు వానిని ఆదేశించుచున్నది.